తుపాకులు తక్కువగా ఉన్న ఐర్లాండ్ బ్రిటన్‌ను సంధికి ఎలా రప్పించింది?

ప్రశ్న అడిగిన మిత్రులు రెండు విషయాలు తెలుసుకోగోరారు. 1916 నాటి ఈస్టర్ తిరుగుబాటు ఆరు రోజుల్లోనే ఓడిపోయింది కదా, మరి ప్రపంచ యుద్ధం గెలిచి వచ్చిన బ్రిటన్ ఆ తర్వాత ఐదేళ్లకే ఐరిష్ నాయకులతో చర్చలకు ఎందుకు కూర్చోవలసి వచ్చింది అన్నది మొదటి ప్రశ్న. మన వి.వి. గిరిగారికి ఆ ఉద్యమంతో సంబంధం ఉందని చెప్పుకుంటారు, అది నిజమేనా అన్నది రెండవది. డిగ్రీ కళాశాలలో చాలాకాలం ఆధునిక ఐరోపా చరిత్ర బోధించినవాడిని కనుక, మొదటి ప్రశ్నకు కొంత విపులంగా సమాధానం రాస్తున్నాను. రెండవదానికి జవాబు 1916 ప్రస్తావన వచ్చినచోట చెబుతాను.

నా అభిప్రాయం ముందుగానే చెప్పడం మంచిది. ఐరిష్ గెరిల్లా దళాలు బ్రిటిష్ సైన్యాన్ని యుద్ధరంగంలో ఓడించలేదు, ఓడించగల బలం వాటికి ఎప్పుడూ లేదు. ఏ ప్రభుత్వమైనా ప్రజలకు రోజూ కనబడేది కొన్ని పనుల ద్వారానే. తగవులు తీర్చడం, దొంగలను పట్టడం, పన్నులు వసూలు చేయడం, రోడ్లూ ఆస్పత్రులూ నడపడం వంటి ఆ పనులను ఐరిష్ ఉద్యమం 1919 నుంచి 1921 వరకు బ్రిటిష్ అధికారుల చేతుల్లోంచి ఒక్కొక్కటిగా లాక్కుని తానే చేయడం మొదలుపెట్టింది. తుపాకి ఆ పనికి కాపలా కాసింది. గెరిల్లా పోరాట నాయకుడు మైకేల్ కాలిన్స్ సాహసాల గురించి చదివినవారికి ఈ మాట కొంత చప్పగా అనిపించవచ్చు గాని, బ్రిటన్ మంత్రివర్గాన్ని 1921 వేసవిలో చర్చలకు దించిన కారణాలు వెదికితే చివరకు తేలేది ఇదే.

దీని మూలాలు భూమి సమస్యలో ఉన్నాయి. 1801 జనవరి 1న అమల్లోకి వచ్చిన యూనియన్ చట్టంతో ఐర్లాండ్ తన పార్లమెంటును పోగొట్టుకుని, లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ పార్లమెంటుకు సభ్యులను పంపే ప్రాంతంగా మారిపోయింది. భూమిలో అధిక భాగం కొన్ని వేల కుటుంబాల చేతిలో ఉండేది, వారిలో చాలామంది ప్రొటెస్టెంట్లు, కొందరైతే ఐర్లాండ్‌లో కాపురం కూడా ఉండేవారు కాదు. దున్నేవారు ఎక్కువగా కాథలిక్ కౌలుదారులు. 1845లో బంగాళదుంప పంటకు తెగులు సోకి, వరుసగా కొన్నేళ్లపాటు ఆ పంట పోయినప్పుడు, అదే దేశం నుంచి ధాన్యమూ పశువులూ ఇంగ్లండుకు ఎగుమతి అవుతూనే ఉన్నాయి. ఆ కరువులో సుమారు 10 లక్షల మంది చనిపోయారు, దాదాపు అంతమందీ దేశం విడిచి వెళ్లిపోయారు. 1841లో 80 లక్షలు దాటిన జనాభా 1851 నాటికి 65 లక్షలకు పడిపోయింది. అమెరికా చేరినవాళ్లు ఆ కోపాన్ని తమ పిల్లలకూ అందించారు. తర్వాతి రోజుల్లో ఉద్యమానికి అమెరికా నుంచి అంత డబ్బు రావడానికి కారణం ఆ జ్ఞాపకమే.

1879లో మైకేల్ డేవిట్, చార్లెస్ స్టూవర్ట్ పార్నెల్ నాయకత్వంలో భూమి సంఘం ఏర్పడింది. ఆ సంఘం పద్ధతిని అర్థం చేసుకోవడానికి మేయో జిల్లాలో బాలిన్‌రోబ్ ఊరి దగ్గర 1880లో జరిగిన ఒక్క ఘటన చాలు. లార్డ్ ఎర్న్ అనే భూస్వామికి అక్కడ ఏజెంటుగా ఉన్న కెప్టెన్ చార్లెస్ బాయ్‌కాట్, పంట సరిగా రాలేదు కౌలు తగ్గించమని అడిగిన రైతులకు భూములు ఖాళీ చేయమని నోటీసులు పంపాడు. ఊరు అతనిపై చెయ్యి చేసుకోలేదు, అతన్ని వెలివేసింది. పాలేర్లు పని మానేశారు, అంగడివాళ్లు సరుకు అమ్మలేదు, ఉత్తరాలు తెచ్చేవాడు కూడా ఆ గడప తొక్కలేదు. పొలంలో పంట కుళ్లిపోతుంటే, ఉత్తరాది జిల్లాల నుంచి సుమారు 50 మంది ప్రొటెస్టెంట్ కూలీలను రప్పించారు. వారికి రక్షణగా దాదాపు 1,000 మంది సైనికులూ పోలీసులూ వచ్చి గుడారాలు వేశారు. 500 పౌండ్లు చేసే పంటను కోయడానికి 10,000 పౌండ్లు ఖర్చయిందని ఆనాడే లెక్కగట్టారు. కోత పూర్తికాగానే బాయ్‌కాట్ ఐర్లాండ్ విడిచి వెళ్లాడు. ప్రభుత్వం తన బలమంతా చూపి ఒక్క పొలం కోయగలిగింది గాని, అలాంటి పొలాలు వేలల్లో ఉన్నాయి.

ఆ ఒత్తిడి మీదనే వరుసగా భూమి చట్టాలు వచ్చాయి. 1903లో వచ్చిన విండామ్ చట్టం కింద ప్రభుత్వమే అప్పు ఇచ్చి, కౌలుదారులు భూములను కొనుక్కునే వీలు కల్పించింది. అంతకుముందే, 1898లో, ఎన్నికైన కౌంటీ కౌన్సిళ్లు ఏర్పడి జిల్లాల పాలన భూస్వాముల చేతుల్లోంచి రైతులూ వర్తకులూ ఉన్న సభలకు మారింది. బ్రిటన్ దీన్ని ఉద్యమం చల్లబడటానికి ఇచ్చిన రాయితీగా భావించింది. 1920లో అవే కౌన్సిళ్లు ఆ ప్రభుత్వానికే ఎదురు తిరుగుతాయని ఆనాడు ఎవరూ ఊహించి ఉండరు.

ఐర్లాండ్ లోపలి పాలనను ఐరిష్ సభకే అప్పగించాలనే హోంరూల్ కథను త్వరగా దాటుతాను. 1886, 1893 బిల్లులు ఓడిపోయాయి. 1912లో ప్రవేశపెట్టిన మూడవ బిల్లు 1914 సెప్టెంబరులో చట్టమైనా, యుద్ధం ముగిసేదాకా దాన్ని పక్కన పెట్టారు. ఈలోగా ఉత్తరాన అల్‌స్టర్‌లో బ్రిటన్‌తో కలిసే ఉండాలనే ప్రొటెస్టెంట్ యూనియనిస్టులు హోంరూల్‌కు వ్యతిరేకంగా లక్షలాది సంతకాలతో ప్రతిజ్ఞ చేసి, 1913లో సొంత స్వచ్ఛంద సేన పెట్టుకుని, 1914 ఏప్రిల్‌లో జర్మనీ నుంచి తెచ్చిన తుపాకులను లార్న్ రేవులో దించుకున్నారు. ఆ సేనకు జవాబుగా 1913 నవంబరులోనే దక్షిణాన ఐరిష్ వాలంటీర్లు అనే స్వచ్ఛంద సైనిక దళం తయారైంది. మరోవైపు ఆర్థర్ గ్రిఫిత్ అనే పాత్రికేయుడు ఇంకో మార్గం చెబుతూ వచ్చాడు. హంగరీ ప్రతినిధులు వియన్నా పార్లమెంటుకు వెళ్లడం మానేసి తమ దేశానికి ప్రత్యేక పాలన సాధించుకున్నట్టే, ఐరిష్ సభ్యులు కూడా లండన్‌కు పోకుండా డబ్లిన్‌లోనే తమ సభ పెట్టుకోవాలన్నది అతని వాదన. 1905లో పుట్టిన షిన్ ఫెయిన్ పార్టీకి మూలం ఈ ఆలోచనే. మొదటి పదేళ్లలో దాన్ని పెద్దగా పట్టించుకున్నవారు లేరు.

1916 ఏప్రిల్ 24, ఈస్టర్ సోమవారం నాడు డబ్లిన్ ప్రధాన తపాలా కార్యాలయం ముందు పాట్రిక్ పియర్స్ గణతంత్ర ప్రకటన చదివాడు. కార్మిక నాయకుడు జేమ్స్ కొనోలీతో కలిపి ఏడుగురు దానిపై సంతకం చేశారు. జర్మనీ నుంచి రావలసిన ఆయుధాలు సముద్రం పాలయ్యాయి, వాలంటీర్ల అధిపతి ఓయిన్ మెక్‌నీల్ చివరి నిమిషంలో సమీకరణను రద్దు చేస్తూ ఉత్తర్వు పంపాడు, అందువల్ల లేచింది దాదాపుగా డబ్లిన్ ఒక్కటే. శనివారానికి లొంగిపోయారు. చనిపోయిన 480 మందికి పైగా జనంలో సగానికి మించి సాధారణ పౌరులే. పట్టుబడినవారిని వీధుల వెంట తీసుకెళ్తుంటే కొన్నిచోట్ల డబ్లిన్ ప్రజలు తిట్టారు కూడా. పరిస్థితిని తలకిందులు చేసినది బ్రిటిష్ సేనాని జనరల్ మాక్స్‌వెల్ చర్య. మే 3 నుంచి 12 వరకు, ఒక్కసారిగా కాకుండా, రోజుకు కొందరిని చొప్పున 15 మందిని కాల్చి చంపించాడు. వారిలో ఒకడైన, ప్రకటనపై సంతకం చేసిన జోసెఫ్ ప్లంకెట్‌కు మరణానికి కొన్ని గంటల ముందు కిల్‌మైన్‌హామ్ జైలు ప్రార్థన గదిలో గ్రేస్ గిఫర్డ్‌తో పెళ్లి జరిగింది. గాయాలతో నిలబడలేని కొనోలీని కుర్చీలో కూర్చోబెట్టి కాల్చారు. ప్రతి ఉదయమూ ఒక కొత్త పేరు పత్రికలో చదివిన సామాన్యులు, నెల కిందట ఆ తిరుగుబాటును ఇష్టపడనివారు సైతం, ఆ చనిపోయినవారిని తమవాళ్లుగా చెప్పుకోవడం మొదలుపెట్టారు.

గిరిగారి విషయం ఇక్కడే వస్తుంది. అప్పటి మద్రాసు రాజధానిలోని బరంపురంలో తెలుగు కుటుంబంలో పుట్టిన వరాహగిరి వేంకటగిరి 1913లో న్యాయశాస్త్రం చదవడానికి డబ్లిన్ వెళ్లారు. అక్కడి యూనివర్సిటీ కాలేజీలో ఆయనకు ఆంగ్ల సాహిత్యం బోధించిన థామస్ మాక్‌డొనా గణతంత్ర ప్రకటనపై సంతకం చేసిన ఏడుగురిలో ఒకరు, మే 3న మొదట కాల్చి చంపిన ముగ్గురిలో కూడా ఒకరు. తిరుగుబాటు తర్వాత జరిగిన సోదాల్లో అనుమానితుడైన గిరిగారికి దేశం విడిచి పొమ్మని ఉత్తర్వు అందింది, 1916లోనే ఆయన తిరిగి వచ్చేశారు. కొనోలీ ప్రభావం తన మీద బలంగా పడిందని తరువాత ఆయనే చెప్పుకున్నారు. బరంపురంలో వకీలుగా ఉండిపోవలసిన మనిషి బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల నాయకుడు కావడంలో ఆ మూడేళ్ల డబ్లిన్ చదువుకు పాలున్నదని చెప్పడానికి సంకోచించనక్కరలేదు. కనుక సంబంధం నిజమే. ఆయన ఈస్టర్ వారంలో తుపాకి పట్టి పోరాడారని కొందరు చేసే ప్రచారాన్ని మాత్రం నేను అంగీకరించను.

1918 వసంతంలో బ్రిటన్ మరో తప్పు చేసింది. యుద్ధానికి మనుషులు చాలక, ఐర్లాండ్‌లోనూ నిర్బంధ సైనిక భర్తీ పెట్టే అధికారాన్ని చట్టంగా చేసింది. చర్చి గురువులు, కార్మిక సంఘాలు, పాత జాతీయవాదులు, షిన్ ఫెయిన్ అందరూ ఏకమై, ఏప్రిల్ 23న అల్‌స్టర్ తప్ప దేశమంతటా సమ్మె చేసి దాన్ని ఆపారు. ఆ డిసెంబరులో జరిగిన ఎన్నికల్లో ఐర్లాండ్‌కున్న 105 స్థానాల్లో షిన్ ఫెయిన్ 73 గెలిచింది, 1910 ఎన్నికల్లో 70కి పైగా స్థానాలు గెలిచిన హోంరూల్ పార్టీకి 6 మిగిలాయి. కాన్‌స్టాన్స్ మార్కివిచ్ బ్రిటిష్ దిగువసభకు ఎన్నికైన మొదటి మహిళ, కాని తన పార్టీ విధానం ప్రకారం అక్కడ అడుగు పెట్టలేదు.

గెలిచినవారు లండన్‌కు వెళ్లకుండా, 1919 జనవరి 21న డబ్లిన్ మాన్షన్ హౌస్‌లో డాయిల్ అనే తమ సభను సమావేశపరిచారు. ఆ రోజు హాజరు పట్టిక చదివిన తీరు తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. ఎన్నికైన సభ్యులందరి పేర్లూ, యూనియనిస్టులవి కూడా, వరుసగా పిలిచారు. సగం మందికి పైగా పేర్లకు పలికేవారు లేరు. వారిలో జైల్లో ఉన్న ప్రతి ఒక్కరి పేరు దగ్గరా, పరాయివాళ్ల చెరలో ఉన్నారని ఐరిష్ భాషలో ఒకే జవాబు మళ్లీ మళ్లీ వినిపించింది. సభలో కూర్చున్నది 27 మందే. అదే రోజు టిప్పరేరీ జిల్లాలో సోలోహెడ్‌బెగ్ దగ్గర కొందరు వాలంటీర్లు, డాయిల్ ఆదేశమేమీ లేకుండానే, పేలుడు పదార్థాల బండిని అటకాయించి ఇద్దరు పోలీసులను చంపారు. చాలా పుస్తకాలు స్వాతంత్ర్య యుద్ధాన్ని ఈ కాల్పుల దగ్గర మొదలుపెడతాయి. నేను మాన్షన్ హౌస్ దగ్గర మొదలుపెడతాను.

సభ అన్నాక ఖర్చుంటుంది. ఆర్థికమంత్రి కాలిన్స్ ప్రజల నుంచి జాతీయ రుణం సేకరించడానికి పూనుకున్నాడు. పియర్స్ నడిపిన బడి ముంగిట ఒక బల్ల వేసుకుని కూర్చుని అతను బాండ్లు అమ్ముతుండగా చిన్న సినిమా తీసి థియేటర్లలో వేయించారు. పియర్స్ తల్లి మొదటి కొనుగోలుదారుల్లో ఒకరు. అతను సంతకాలు పెట్టిన బల్ల చెక్క, 1803లో రాబర్ట్ ఎమెట్ అనే తిరుగుబాటుదారుడి తల నరికిన మొద్దేనని చెప్పుకునేవారు. ప్రభుత్వం ఆ రుణ ప్రకటన వేసిన పత్రికలను మూయించింది, అయినా 2,50,000 పౌండ్లు లక్ష్యంగా పెట్టుకుంటే ఐర్లాండ్‌లోనే 3,70,000 పౌండ్ల వరకు వచ్చింది. అందులో కొంత బంగారం డబ్లిన్‌లో బాట్ ఓకానర్ అనే మేస్త్రీ ఇంటి నేల కింద పసిబిడ్డ శవపేటికలో దాచారు. రుణం వివరాల కోసం బ్యాంకు ఖాతాలు తిరగేస్తున్న అలన్ బెల్ అనే వృద్ధ మేజిస్ట్రేటును 1920 మార్చిలో పట్టపగలు ట్రాములోంచి దించి కాల్చి చంపారు. చదవడానికి బాధ కలిగించే విషయమిది, కాని ఆ డబ్బు ఉద్యమానికి ఎంత ప్రాణప్రదమైనదో కూడా దీనివల్లనే తెలుస్తుంది.

ఇక న్యాయస్థానాల సంగతి. నా దృష్టిలో మొత్తం పోరాటానికి గుండెకాయ ఇదే. 1920 వసంతంలో పశ్చిమ జిల్లాల్లో భూమి తగాదాలు మళ్లీ భగ్గుమన్నాయి. సెంటు భూమి లేని చిన్న రైతులు పెద్ద పశుల మేత బీళ్లను ఆక్రమించి, కంచెలు పీకి, పశువులను తోలేయసాగారు. ఇది ఇలాగే సాగితే జాతీయోద్యమం రైతుల మధ్య కొట్లాటగా మారిపోతుందని భయపడిన డాయిల్, కెవిన్ ఓషీల్ అనే న్యాయవాదిని భూమి తగవులు తీర్చడానికి పంపింది. మే నెలలో అతను కోర్టు పెట్టిన ఊరు బాలిన్‌రోబ్, నలభై ఏళ్ల కిందట బాయ్‌కాట్‌ను వెలివేసిన చుట్టుపక్కల పల్లెలకు కేంద్రమైన ఆ బాలిన్‌రోబే. భూమి మీద దావా వేసినవాళ్లు తమ ఉద్యమమే పెట్టిన కోర్టు కదా, తీర్పు తమవైపే వస్తుందనుకున్నారు. ఇరుపక్షాల వాదనా విని, పొలం చూసి, హక్కు యజమానులదేనని కోర్టు తేల్చింది. ఓడినవారు ఒప్పుకోలేదు. అప్పుడు స్థానిక వాలంటీర్లు వచ్చి, తమ తోటి పల్లెవాళ్లనే పట్టుకుపోయి, లాక్ కోరిబ్ సరస్సులో ఒక దీవి మీద నిర్బంధించారు. కొద్ది రోజులకు వాళ్లు తీర్పుకు కట్టుబడి ఇంటికి వచ్చారు.

ఆ వార్త పాకిన తర్వాత జరిగినది గమనించవలసిన విషయం. తమకు అనుకూలమైనవారికే తీర్పు ఇచ్చే కోర్టయితే దాన్ని భూస్వాములు గడ్డిపోచగా తీసిపారేసేవారు. ఇది న్యాయంగా తీర్చే కోర్టని తెలియగానే, బ్రిటిష్ పాలనకు విధేయులైన యూనియనిస్టు భూస్వాములు కూడా తమ తగవులను దీని ముందుకే తెచ్చుకున్నారు, ఎందుకంటే బ్రిటిష్ కోర్టు తీర్పు ఇచ్చినా దాన్ని అమలు చేసే పోలీసు అప్పటికి పల్లెల్లో మిగలలేదు. జూన్ నాటికి గ్రామస్థాయి కోర్టులు, వాటిపైన జిల్లా కోర్టులు, డబ్లిన్‌లో అత్యున్నత న్యాయస్థానం అంచెలుగా ఏర్పడ్డాయి. గ్రామ కోర్టుల్లో మహిళలు కూడా తీర్పరులుగా కూర్చున్నారు. పాలకోసం, గట్టుకోసం, అప్పుకోసం వచ్చే చిన్న తగవులన్నీ బడి గదుల్లోనూ పశువుల కొట్టాల్లోనూ పరిష్కారమయ్యాయి. ఆ వేసవిలో బ్రిటిష్ న్యాయమూర్తులు సైనిక రక్షణతో జిల్లా కేంద్రాలకు వచ్చి కూర్చుంటే, చాలాచోట్ల జూరీకి పిలిచినవారు రాలేదు, కక్షిదారులూ రాలేదు. పశ్చిమాన ఒక దీవిలో గణతంత్ర కోర్టు శిక్ష వేసి ఉంచిన ఖైదీలను విడిపించడానికి బ్రిటిష్ పోలీసులు పడవ వేసుకుని వెళ్తే, మేము గణతంత్రం ఖైదీలం, మీకు సంబంధం లేదంటూ ఆ ఖైదీలే రాళ్లు రువ్వి తరిమారన్న కథనం కూడా ఆ రోజుల నుంచి ప్రచారంలో ఉంది.

పోలీసు లేకపోవడానికి కారణమూ ఉంది. రాయల్ ఐరిష్ కాన్‌స్టాబ్యులరీలో ఉన్న దాదాపు 10,000 మందిలో అధికులు కాథలిక్ రైతుల కొడుకులే, పల్లె పల్లెలో ఠాణాలు ఉండి ప్రతి ఇంటి సంగతీ వారికి తెలిసేది, ప్రభుత్వానికి కళ్లూ చెవులూ వారే. 1919 ఏప్రిల్‌లో డాయిల్ వారిని సాంఘికంగా బహిష్కరించాలని తీర్మానించింది. పాలు పోసేవారు, కట్టెలు అమ్మేవారు, చర్చిలో పక్కన కూర్చునేవారు కరువయ్యారు. దాడులు పెరిగాక మారుమూల ఠాణాలను ఖాళీ చేసి పట్టణాలకు తరలించారు. 1920 ఈస్టర్ రాత్రుల్లో అలా ఖాళీ అయిన ఠాణాలను సుమారు 300 వరకు తగులబెట్టారు, వాటితోపాటు ఆదాయపు పన్ను కార్యాలయాలనూ కాల్చారు.

ఇదే సంవత్సరం జనవరిలో పట్టణాలకూ, జూన్‌లో జిల్లాలకూ స్థానిక ఎన్నికలు జరిగాయి. 33 కౌంటీ కౌన్సిళ్లలో 28 షిన్ ఫెయిన్ చేతికి వచ్చాయి. అవి ఒక్కొక్కటిగా బ్రిటిష్ స్థానిక పాలనా బోర్డుతో తెగతెంపులు చేసుకుని, డాయిల్ స్థానిక పాలనా మంత్రి విలియం కాస్‌గ్రేవ్‌కు విధేయత ప్రకటించాయి. ప్రభుత్వం గ్రాంట్లు ఆపేసింది. రోడ్ల పనులు నిలిచిపోయాయి, ఆస్పత్రుల్లో ఖర్చు కోత పెట్టవలసి వచ్చింది, పన్ను వసూలుదారులు ఇరుపక్షాల మధ్య నలిగిపోయారు. స్వపరిపాలన అన్నది ఉత్సాహంతో పాటు పస్తులు కూడా తెస్తుందని ఆ కౌన్సిళ్ల గుమాస్తాలకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు.

రైల్వే కార్మికుల పాత్ర మన పుస్తకాల్లో దాదాపు కనబడదు. 1920 మే నెలలో డబ్లిన్ రేవు కార్మికులు సైనిక సామగ్రిని దించడానికి నిరాకరించారు. ఆ వెంటనే రైల్వేవాళ్లు కూడా ఆయుధాలు గాని, ఆయుధాలు ధరించిన సైనికులను గాని తీసుకెళ్లబోమన్నారు. తుపాకులతో సైనికులు పెట్టెలోకి ఎక్కితే, డ్రైవరు ఇంజను దిగి ప్లాట్‌ఫారం మీద నిలబడేవాడు. సైనికులు దిగరు, బండి కదలదు, మిగతా ప్రయాణికులు నడిచిపోతారు. ఉద్యోగాలు పోయినవారి సంఖ్య 1,000 దాటింది, వారి కుటుంబాలను ప్రజల చందాలే పోషించాయి. డిసెంబరు దాకా, ఏడు నెలలు, ఇది సాగింది.

ప్రభుత్వం సమాధానంగా బ్లాక్ అండ్ టాన్స్ అని పేరుపడిన కొత్త పోలీసులను, ఆగ్జిలరీలనే మాజీ సైనికాధికారుల దళాన్ని దింపింది. 1920 సెప్టెంబరులో బాల్‌బ్రిగన్ పట్టణాన్ని తగులబెట్టారు, డిసెంబరులో కార్క్ నగరం నడిబొడ్డును కాల్చేశారు. కార్క్ మేయరు టెరెన్స్ మాక్‌స్వీనీ బ్రిక్స్‌టన్ జైల్లో 74 రోజుల నిరాహారదీక్ష తర్వాత అక్టోబరు 25న కన్నుమూశాడు, మన దేశంలో కూడా ఆ పేరు పత్రికల్లో మారుమోగింది. నవంబరు 21 ఉదయం కాలిన్స్ మనుషులు డబ్లిన్‌లో బ్రిటిష్ గూఢచారి అధికారులను వారి గదుల్లోనే కాల్చి చంపితే, ఆ మధ్యాహ్నం క్రోక్ పార్క్ మైదానంలో ఆట చూస్తున్న జనం మీద పోలీసులు కాల్పులు జరిపి 14 మందిని బలిగొన్నారు. ఐరిష్ పక్షం కూడా చేతులు కడుక్కోవడానికి వీల్లేదు. ఇన్‌ఫార్మర్లని అనుమానించి చంపినవారిలో నిరపరాధులున్నారు. 1917 నుంచి 1921 వరకు మరణించినవారు సుమారు 2,300 మంది. సంఖ్య చిన్నదిగా కనబడవచ్చు, కాని అందులో పౌరుల భాగం చాలా పెద్దది.

1921 మే 25న డబ్లిన్ కస్టమ్ హౌస్‌ను వాలంటీర్లు తగులబెట్టారు. సైనికంగా అది పెద్ద దెబ్బ, 80 మందికి పైగా పట్టుబడ్డారు. అయినా ఆ భవనాన్నే ఎందుకు ఎంచుకున్నారన్నది చూడాలి. స్థానిక పాలనా బోర్డూ, పన్నుల రికార్డులూ ఉన్నది అందులోనే. ఉత్తరాన ఆరు జిల్లాలను, దక్షిణాన 26 జిల్లాలను వేరుచేసి రెండు పార్లమెంట్లు ఏర్పరచిన 1920 నాటి బ్రిటిష్ చట్టం కింద, దక్షిణానికి ఉద్దేశించిన కొత్త పార్లమెంటుకు అదే నెలలో జరిగిన ఎన్నికల్లో 128 స్థానాలకు 124 షిన్ ఫెయిన్‌కు పోటీ లేకుండా దక్కాయి. ఆ పార్లమెంటు సమావేశమైతే దిగువసభకు వచ్చినది మిగతా నలుగురే. చట్టం ప్రకారం ఆ సభ పనిచేయకపోతే 26 జిల్లాలను నేరుగా సైనిక పాలన కిందికి తేవాలి. బ్రిటన్ ప్రధాని లాయిడ్ జార్జ్ మంత్రివర్గం ముందున్న ఎంపిక అది. అప్పటికే 50,000 సైన్యం ఉంది, దాన్ని ఎన్నో రెట్లు పెంచి, ఊరూరా ఠాణా మళ్లీ నిలిపి, కోర్టుకు మనుషులను తుపాకీతో తోలుకొచ్చి, పన్ను కూడా సైనికుడే వసూలు చేయాలి. బాయ్‌కాట్ పొలం లెక్క ఇప్పుడు దేశమంతటికీ వేయవలసి వచ్చింది. ఇంగ్లండులోనే పత్రికలు, చర్చి పెద్దలు, లేబర్ పార్టీ ఆ దహనకాండను బాహాటంగా ఖండిస్తున్నారు. జూన్ 22న బెల్‌ఫాస్ట్‌లో అయిదవ జార్జి రాజు శాంతి కోరుతూ ప్రసంగించాడు, జూలై 11న కాల్పులు ఆగాయి. ఆయుధాలు అడుగంటిన ఐరిష్ దళాలకూ ఆ విరామం అవసరమే అయిందని కాలిన్స్‌కు తెలుసు.

డిసెంబరు 6న కుదిరిన ఒప్పందం 26 జిల్లాలకు కెనడా వంటి డొమినియన్ హోదా ఇచ్చింది, సభ్యులు రాజుకు విధేయంగా ఉంటామని ప్రమాణం చేయాలంది. డాయిల్ 64–57 ఓట్లతో దాన్ని ఆమోదించింది, దాన్ని వ్యతిరేకించిన డాయిల్ అధ్యక్షుడు డి వలేరా వర్గం బయటికి నడిచింది, 1922 జూన్ 28న అంతర్యుద్ధం మొదలైంది. ఆగస్టులో పది రోజుల తేడాతో గ్రిఫిత్ జబ్బుతోనూ, కాలిన్స్ తన సొంత కార్క్ జిల్లాలో మాటు దాడిలోనూ పోయారు. నాకు ఎక్కువగా బాధ కలిగించేది, అదే ఏడాది జూలైలో కొత్త ప్రభుత్వం ఆ ప్రజా న్యాయస్థానాలను మూసివేయడానికి పూనుకోవడం. నిర్బంధంలో ఉన్న ఒక ఖైదీని హాజరుపరచమని డాయిల్ కోర్టు న్యాయమూర్తి ఒకరు ఉత్తర్వు ఇస్తే, ఆ అధికారాన్నే రద్దు చేశారు. గెలిపించిన సాధనాన్ని గెలిచినవారే భరించలేకపోయారు.

నేను చెప్పిన వాదానికి ఒక గట్టి హద్దు ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. ప్రజల సమ్మతి మీద నిలబడిన సమాంతర పాలన, ఆ సమ్మతి ఉన్నచోటే నిలబడింది. ఈశాన్య జిల్లాల్లో యూనియనిస్టు ప్రజలు బ్రిటిష్ కోర్టునూ పోలీసునూ తమవిగానే భావించారు. 1920 జూలైలో బెల్‌ఫాస్ట్ నౌకా నిర్మాణశాలల నుంచి వేలాది కాథలిక్ కార్మికులను తరిమివేసినప్పుడు, డాయిల్ ఆగస్టులో బెల్‌ఫాస్ట్ సరుకుల బహిష్కరణకు ఆమోదం తెలిపింది. బాలిన్‌రోబ్ దగ్గర భూస్వామి ఏజెంటును లొంగదీసిన అదే ఆయుధం ఇక్కడ ఎదురు తిరిగింది. దెబ్బ తిన్న వర్తకులు డబ్లిన్ వైపు రాలేదు సరికదా, లండన్ వైపు మరింత జరిగారు. డబ్లిన్‌తో సంబంధం లేని ఆర్థిక వ్యవస్థకు వారిని ఆ బహిష్కరణే అలవాటు చేసింది. ఫర్మానా, టైరోన్ కౌంటీ కౌన్సిళ్లు 1921 చివర్లో డాయిల్‌కు విధేయత ప్రకటిస్తే, ఉత్తరాది ప్రభుత్వం వాటిని రద్దు చేసి కమిషనర్లను కూర్చోబెట్టింది, జనాభాలో జాతీయవాదులే ఎక్కువగా ఉన్న ఆ రెండు జిల్లాల తీర్మానాలు కాగితం మీదనే మిగిలాయి. ఉత్తర దక్షిణాల మధ్య గీతను సవరించడానికి ఒప్పందంలో పెట్టిన సరిహద్దు సంఘం తమ పక్షాన తీర్పు ఇస్తుందని డబ్లిన్ ఆశించింది. 1925 డిసెంబరులో మూడు ప్రభుత్వాలూ సంతకం చేసిన ఒడంబడికతో ఆ గీత ఎక్కడ ఉందో అక్కడే ఉండిపోయింది.